నీడలు తీసేసిన రాత్రి

ఇల్లు సద్దుమణిగాక దర్జీ కంప్యూటర్లో విమానం ఆట పెట్టాడు. రన్‌వే దగ్గరపడితే చాలు, తెర మీద బొమ్మ నత్తనడక నడుస్తోంది. విసిగిపోయి, కంప్యూటర్ మీద భారం తగ్గుతుందని ఆట సెట్టింగుల్లో నీడలు పూర్తిగా తీసేశాడు. ఈసారి విమానం పిట్టలా వాలింది.

సంబరంగా టీ కప్పు అందుకోబోయి ఆగిపోయాడు. బల్ల మీద దీపం వెలుగుతూనే ఉంది. కప్పుకు నీడ లేదు. అతని చేతికీ లేదు.

సూదిలోకి ఒక్కసారికే దారం ఎక్కించే వేళ్లతో గబగబా సెట్టింగులు తెరిచి, నీడల్ని మళ్లీ పెట్టాడు. కప్పు నీడ వచ్చింది. చేతి నీడా వచ్చింది. బొమ్మ మళ్లీ నత్తనడకే. నడవనీలే అనుకుని, హమ్మయ్య అంటూ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంకా పడుకోలేదా?" పక్కగదిలోంచి అడిగింది భార్య.

"వచ్చేస్తున్నా. అంతా సరిగ్గానే ఉంది," అంటూ లేచాడు.

గోడ మీద అతని నీడ కూడా లేచింది. దాని పక్కన కూర్చున్న నీడ మాత్రం లేవలేదు.