హస్తవాసి

"కదలకండి బాబాయిగారూ, ఇంకొంచెమే," అంది డాక్టర్ ఉదయశ్రీ, మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే.

కుర్చీలో భానుమూర్తిగారు అప్పటికే జోగుతున్నారు. భవానీపూర్ మీద మధ్యాహ్నపు వాన మెత్తగా కురుస్తోంది. దీపం వెలుగులో పంటి వేరు లోపలి దారి మంచు పట్టిన సందులా కనబడుతోంది. ఆ సందులోకి దిగితే ఉదయశ్రీకి ఊరూ పేరూ గుర్తుండవు. ఫైలనే ఆ సన్నని తీగ తిరుగుతుంటే, తానే నడిచి వెళుతున్నట్టుంటుంది.

వంపు దగ్గర చెయ్యి ఉన్నట్టుండి తేలికైపోయింది. బయటికి తీసి చూస్తే ఫైలుకు మొన లేదు.

అయ్యో, ఎలా విరిగింది? వంకర వేరుకు కొత్త ఫైలే వాడాలి. వాడేసింది అలిసిపోయి ఉంటుంది, ఎప్పుడు పుటుక్కుమంటుందో తెలియదు. అందుకే కొత్తవి ఉన్నాయా అని నిన్న తను అడిగింది కూడా. క్లినిక్‌లో సామాన్లు చూసేది, ట్రే సర్దేది అత్తయ్య కమలాదేవే. డబ్బా నిండుగా ఉందనే చెప్పింది. కలకత్తాలో పుట్టి బెంగాలీలో చదువుకున్న ఉదయశ్రీకి, అత్తయ్య విజయనగరం మాటలు వింటుంటే ఎప్పుడూ ముచ్చటే.

మరి తప్పెవరిది? చేతిదే.

ఎక్స్‌రే తీసింది. నోటి మీది రబ్బరు తెర తొలగించి, ఆయన్ని లేపి చూపించింది. "ఫైలు ముక్క విరిగి లోపల ఉండిపోయిందండీ. నా చేతిలోనే విరిగింది."

"ఏటమ్మా, పన్ను పీకేస్తావేటి?"

"లేదండీ. పక్కనుంచి దారి దొరికితే శుభ్రం చేసి మూసేస్తాను. ముక్క ఉన్నా ఫరవాలేదు. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలి."

"దాచకుండా చెప్పావు తల్లీ. కానియ్యి."

వాన వెలిసేవేళకి, సన్నని ఫైలొకటి ముక్క పక్కనుంచి జారి లోపలికి దిగింది. పన్ను దక్కింది. "నీ హస్తవాసి మంచిదమ్మా," అని దీవించి భానుమూర్తిగారు ఏక్‌బాల్‌పూర్ బస్సెక్కారు. ఆ మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"వంకర వేరున్న పళ్ళన్నీ ఇక వేరే డాక్టర్లకి పంపేస్తానత్తయ్యా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "డబ్బా నిండా కొత్తవి పెట్టుకుని కూడా విరగ్గొట్టాను. నా చెయ్యి పనికిరాదు."

ట్రే కడుగుతున్న కమలాదేవి ఆగిపోయింది.

"ఇయ్యాళ నేను పెట్టినవి పాతవేనే పిల్లా," అంది అయోమయంగా. "కొత్తవి నిండుకున్నాయని నిన్ననే చెప్పాను కదా!"