మలుపులో ఆగిన ఏనుగు

అడవిలో జంతువులన్నీ సైకిళ్లు తొక్కుతున్న రోజులవి. తుర్రన్న అనే కుందేలుకి మంచి సైకిలుంది గానీ దానికి బెల్లు లేదు. బెల్లు కొడితే పరువు తక్కువని తనే పీకి పారేశాడు.

"అల్లుడూ, మలుపులో ఎడమ పక్కనే పో. ఎదురుగా ఎవరొస్తారో కనబడదు," అన్నాడు తాబేలు మామ.

"నీ వెనకాల పోతే ఇల్లు చేరేసరికి గడ్డం నెరుస్తుంది మామా," అంటూ తుర్రన్న కుడిపక్కకి కోసి ఏటవాలులో దూసుకుపోయాడు.

మలుపు తిరిగాడో లేదో, ఎదురుగా సైకిలు మీద కొండంత ఏనుగు తాత. తుర్రన్న బ్రేకు నొక్కాడు. సైకిలు జర్రున జారి, తాత చక్రం ఇంకా జానెడు దూరం ఉందనగా ఆగింది. తాత ఒక కాలు నేలకానించి ముందే నిలబడి ఉన్నాడు. కదులుతూ ఉండుంటే తుర్రన్న ఈపాటికి అప్పడమే.

"నన్ను చూసి ఆగావా తాతా?" అన్నాడు తుర్రన్న.

"నిన్నెక్కడ చూశాన్రా, మలుపు అవతల ఉంటివి. చీమలు దాటుతుంటే ఆగాను."

తుర్రన్న కిందికి చూశాడు. రెండు చక్రాల మధ్య ఆ జానెడు జాగాలోనే చీమలబారు తాపీగా నడిచిపోతోంది.

"నువ్వు ఆగకుండా పోతే నిన్ను అడిగేవాళ్లెవరు తాతా?"

"ఎవరూ లేరు. అందుకే నేనే ఆగాలి."

తుర్రన్న సైకిలు దిగి, ఎడమ పక్కకి నడిపించుకెళ్లి నిలబడ్డాడు. ఆఖరి చీమ నోట్లోని నూకగింజ జారవిడిచి, దారి మధ్యలో వెతుక్కుంటోంది. ఏనుగు తాత బెల్లు కొట్టలేదు. ఆ చీమ ఎక్కడ ఎగిరిపోతుందోనని తుర్రన్న ఊపిరి కూడా మెల్లగా వదిలాడు.