ఆ నాలుగు మెట్లు

తెల్లవారుతుండగా సుత్తి దెబ్బలు వినిపించి, సలూహా గోరింటాకు పొడి సంచీ విప్పబోతున్నదల్లా ఆగిపోయింది.

ఆడవాళ్ళ మరుగుదొడ్డి మెట్లు ఎవరో పగలగొడుతున్నారు.

చూస్తే, మూడు రోజులుగా ఎదురు అరుగు మీద కూర్చుంటున్న ముసలాయనే.

గాబెస్ పట్నం వెళ్ళే దారిలో ఉన్న ఆ చిన్న బజారులో ఆడవాళ్ళకున్నది ఆ ఒక్క గదే. నాలుగు మెట్లెక్కాలి. సలూహా కాళ్ళను చిన్నప్పుడే పోలియో తినేసింది. చక్రాల బల్ల కిందే వదిలేసి, కప్పుకున్న సఫ్సారీ అంచు పళ్ళతో బిగించి, తడి మెట్ల మీద చేతులానించి పాకేది. లోపల కుళాయేమో అందదు. మళ్ళీ ఆ చేతులతోనే గోరింటాకు తూచాలి.

అందుకే పొద్దు వాలేదాకా గుక్కెడు నీళ్ళు తాగేది కాదు.

ముసలాయన అదంతా చూస్తూ కూర్చునేవాడు. రెండో రోజు దగ్గరికొచ్చి అడిగాడు.

"అమ్మా, నీ బల్ల వెడల్పెంత?"

"ఎందుకూ, కొనుక్కుని ఊరేగుతావా?"

పక్కన బుట్టలమ్మే హెదియా ఊరుకుంటుందా?

"ఏం తాతా, మీ ఆవిడ లోపలే ఉండిపోయిందా? పిలవమంటావా?"

బజారంతా నవ్వింది. ఆయన తల దించుకున్నాడు. కదల్లేదు మాత్రం.

ఇప్పుడు సుత్తి పట్టుకొచ్చాడు!

"రండర్రా! ఉన్న ఒక్కటీ కూల్చేస్తున్నాడు!" సలూహా గొంతెత్తింది.

కాపలాదారు లతీఫ్ పరుగెత్తుకొచ్చి ఆయన జబ్బ పట్టుకున్నాడు. అప్పటికే రెండు మెట్లు పోయాయి.

"ఎవరిచ్చారు నీకు పర్మిషను?"

"ఆఫీసులో అడిగాను నాయనా. వచ్చే ఏడాది చూద్దామన్నారు. నాకంత టైము లేదు."

"ఏం, ప్రయాణమేమైనా పెట్టుకున్నావా?"

మళ్ళీ నవ్వులు.

ముసలాయన సలూహా వైపు తిరిగాడు.

"తల్లీ, ఈ ఒక్క పూట ఓపిక పట్టు. నువ్వు చెప్తే నన్ను వదిలేస్తారు."

నిజమే. ఆమె ఒక్క మాటంటే లతీఫ్ వదిలేసేవాడు.

"ఆడాళ్ళు పోయే చోట కళ్ళప్పగించి కూర్చున్నోడివి, నీ తరఫున నేను చెప్పాలా? తీసుకుపో లతీఫ్!"

సుత్తి లాక్కున్నారు. సిమెంటు సంచీ బయట పారేశారు. ఆయన ఎదురు చెప్పలేదు. గేటు దాకా వెళ్ళేలోపు రెండుసార్లు గోడ పట్టుకుని ఆగి, ఊపిరి తీసుకున్నాడు.

సలూహా చూసింది. చూసి, మొహం తిప్పుకుంది.

ఆ రోజు నుంచీ పాకడానికి కూడా దారి లేకపోయింది. ఇల్లు చేరేదాకా పళ్ళ బిగువున ఓర్చుకోవడమే. ఆయన్ని తిట్టని పూట లేదు.

పదకొండో రోజున నలభై ఏళ్ళ మనిషొకడు తాపీ, మట్టం, స్టాంపు వేసిన కాగితం పట్టుకొచ్చాడు. లతీఫ్ కాగితం చూసి తనే ఇసుక మోశాడు. మిగిలిన రెండు మెట్లూ లేచిపోయాయి. పొడుగాటి వాలు వచ్చింది. పట్టుకోవడానికి ఇనుప కమ్మీ వచ్చింది. లోపల కుళాయి మోకాలెత్తుకు దిగింది.

సిమెంటు గట్టిపడ్డాక ఆ మనిషే సలూహాను, ఇంటి పెద్దావిడను పిలిచినంత మర్యాదగా పిలిచాడు.

"లల్లా, ఎక్కి చూడండి. ఎక్కడైనా ఇరుకైతే సరిచేస్తాను."

చక్రాలు ఎక్కడా తట్టుకోకుండా పైకి వెళ్ళాయి. ఆమె మోచేతుల దాకా కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

కిందికొచ్చి, హెదియా కూజా లాక్కుని కడుపునిండా నీళ్ళు తాగింది. ఇంకా పొద్దెక్కనే లేదు.

"నిన్నెవరు పంపారు బాబూ?"

"మా నాన్న. కొలతలన్నీ దగ్గర కూర్చోబెట్టుకుని రాయించాడు. స్టాంపు పడేదాకా ఆఫీసు గుమ్మం వదలొద్దన్నాడు."

"ఆయన రాలేదేం?"

"గుండె జబ్బు, లల్లా. పోయిన గురువారం మట్టి చేశాం."

సలూహా కూజా కింద పెట్టింది.

"సుత్తి పట్టుకొచ్చిన పెద్దాయనా?"

అతను తలూపాడు.

"నేనాయన్ని ఒక్క మంచి మాటైనా అనలేదే! నేనాయనకు ఏమవుతానని ఇంత చేశాడు?"

"మా అమ్మాయి పెళ్ళికి గోరింటాకు కొనుక్కొస్తానని వచ్చాడు మీ దగ్గరికి. అప్పుడే మీరు పాకుతూ పైకెళ్తున్నారట. ఏమీ కొనకుండా ఇంటికొచ్చేశాడు. ఆ పూట ముద్ద ముట్టలేదు."

"ఎందుకు?"

అతను తాపీకి అంటిన సిమెంటు గీకుతూ, తలెత్తకుండానే చెప్పాడు.

"ముప్పై ఏళ్ళ కిందట ఆ నాలుగు మెట్లూ కట్టిన మేస్త్రీ ఆయనే, లల్లా."