ఏడో నియమం

“ఇది ఏ ఈగ, మిస్టర్ లాన్యన్?”

ఆబ్రే క్రాన్లీ ఈ మాట అడగడం మూడోసారి. ట్రౌట్ చేపలు పట్టేవాళ్ల క్లబ్బుకి పంతొమ్మిదేళ్లుగా కార్యదర్శి. ఒక ప్రశ్న రెండోసారి అడగాల్సి రావడమే తనకి అవమానం అనుకునే మనిషి. బల్ల మీద తెల్లకాగితం పరిచి, దాని మధ్య గాలం ముల్లొకటి పెట్టాడు. ముల్లుకి బఠాణీ గింజంత లేతపసుపు బొచ్చు ఉండ చుట్టి ఉంది. అందులో రెండు మూడు గోధుమరంగు చుక్కలు. రెక్కల్లేవు, కాళ్లు లేవు.

క్లబ్బు గది కప్పు కారుతోందని విచారణ క్రాన్లీ ఇంటి ముందుగదిలో పెట్టారు. కమిటీ సభ్యులిద్దరూ సోఫాలో కూర్చుని కేకు తింటున్నారు. క్రాన్లీ భార్య హెస్టర్ టీ పోస్తోంది. ఎదురుగా కుర్చీ అంచున లాన్యన్, గడియారాలు బాగుచేసి రిటైరైన మనిషి, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎల్బర్న్ ఏట్లో గాలం వెయ్యడానికి పదకొండేళ్లు ఎదురుచూస్తే, ఈ ఏప్రిల్లో సభ్యత్వం దొరికింది. ఇవాళ అది ఉంటుందో ఊడుతుందో తేలాలి.

ఆ ఏట్లో ట్రౌట్ పట్టడానికి పద్ధతి ఉంది. వానపాము, పిండిముద్ద లాంటి ఎరల మాటే ఎత్తకూడదు. ఈకతో, బొచ్చుతో కట్టిన ఈగ ఉండాలి. అది నీటి మీద తేలాలి. దాన్ని ప్రవాహానికి ఎదురుగానే విసరాలి. అన్నిటికీ మించింది ఏడో నియమం. చేప ఆ ఏట్లో అప్పుడు ఏం తింటోందో, కట్టిన ఈగ దానికి నకలుగా ఉండాలి. ఇక పురుగులు నీటి మీదికి లేవని వేళ, అంటే పొద్దున పదిలోపు, గట్టు మీద కనబడడం మోటుతనం. ఇది ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం ఇప్పటిదాకా రాలేదు.

లాన్యన్ వచ్చాక క్రాన్లీకి మనశ్శాంతి లేకుండా పోయింది. మొదటిరోజే ఆయన ప్రవాహం వాలున విసిరాడు. మే నెలలో ఈగకి సీసపు పూస కట్టి ముంచాడు. చెప్పిన ప్రతిసారీ తప్పైపోయిందండీ అనేవాడు. వారం తిరక్కుండా కొత్త తప్పు చేసేవాడు. అవన్నీ ఒక ఎత్తు, పోయిన గురువారం చేసింది ఒక ఎత్తు. వంతెన కింద ఉండే పెద్దాయన్ని ఒక్క విసురుకి పట్టి, కొలిచి, వదిలేశాడు.

పెద్దాయన అంటే నాలుగేళ్లుగా క్రాన్లీకి నిద్రపట్టనివ్వని ట్రౌట్. చేపలు పట్టే కాలమంతా, రోజూ సాయంత్రం క్రాన్లీ ఆ వంతెన దగ్గరే. ఎన్ని రకాల ఈగలు కట్టాడో లెక్కే లేదు. చేప పైకి వచ్చేది, చూసేది, విందులో కడుపు నిండినవాడిలా మొహం తిప్పుకుని వెళ్లిపోయేది. దాన్ని పద్ధతిగా పట్టిన రోజున గాలం అటకెక్కించి ఇంటిపట్టునే ఉంటానని క్రాన్లీ భార్యకి మాటిచ్చాడు. చేపలు పట్టకూడని చలికాలంలో ఎలాగూ ఉంటున్నాడు. ఆ నెలల్లోనే హెస్టర్ వాడే డబ్బాలన్నిటికీ చీటీలు అంటించి, వంటింటి తలుపుకి పద్నాలుగు నియమాలు రాసి తగిలించాడు. “తొందరేం లేదు ఆబ్రే, నిదానంగానే పట్టు” అంది హెస్టర్. ఎంత ఓర్పు గల ఇల్లాలని ఆయన పొంగిపోయాడు.

“నాలుగు రోజులు వంతెన దగ్గర కూర్చుని చూశానండి. అది ఏం తింటోందో అదే కట్టాను” అన్నాడు లాన్యన్.

“ఎప్పుడు చూశారు?”

“పొద్దున ఆరున్నరకి. గాలం తీసుకెళ్లలేదండి, ఊరికే చూశాను.”

క్రాన్లీ కళ్లు మూసుకుని తెరిచాడు. “ఆరున్నరకి ఈ ఏట్లో ఏ పురుగూ లేవదు.”

“పురుగని నేననలేదండి.”

“మరేమిటది? చెప్పండి. నిజంగా చేప తినేదే అయితే ఏడో నియమం మీ పక్షమే. మీ సభ్యత్వానికి ఢోకా ఉండదు.”

లాన్యన్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే హెస్టర్ పళ్లెం పట్టుకుని అడ్డం వచ్చింది. “కేకు తీసుకోండి, మిస్టర్ లాన్యన్.”

“హెస్టర్, ఇక్కడ విచారణ జరుగుతోంది” అని విసుక్కున్నాడు క్రాన్లీ.

లాన్యన్ ముక్క తీసుకున్నాడు. కొరకలేదు. అటూ ఇటూ తిప్పి చూశాడు. “చెప్పలేనండి” అన్నాడు.

క్రాన్లీకి ఒళ్లు మండిపోయింది. తప్పించుకునే దారి తనే చూపిస్తే ఈ మనిషి కేకుతో ఆడుకుంటున్నాడు. చేప దొరికిన మాట నిజమే కదా అని సభ్యుల్లో ఒకాయన, పళ్లలో ఇరుక్కున్న కేకులోని సోపు గింజ తీసుకుంటూ, నసిగాడు. దొరికిందా లేదా అన్నది కాదు, ఎలా దొరికిందన్నదే ప్రశ్న అని క్రాన్లీ ఆయన నోరు మూయించాడు. చేతులు లేచాయి. లాన్యన్ సభ్యత్వం రద్దయింది. పద్ధతిగా పట్టలేదు కాబట్టి, క్లబ్బు పుస్తకంలో పెద్దాయన ఇంకా ఎవరికీ చిక్కనట్టే.

లాన్యన్ ఏటిగట్టు గేటు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగి, కేకు చాలా బాగుందని హెస్టర్‌కి చెప్పి వెళ్లాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. హెస్టర్‌ది మరీ మెత్తని మనసని క్రాన్లీ ఆ విసుగులోనే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి, క్రాన్లీ గురక పెడుతుండగా, హెస్టర్ బుట్ట పట్టుకుని బయల్దేరింది. సగం కేకు లాన్యన్ గుమ్మంలో పెట్టింది.

మిగతా సగం, రోజూలాగే, వంతెన మీంచి పెద్దాయనకి తుంపి వేసింది.