మ్యాట్ కింద మంచు

ఈ ఈస్టర్ సెలవుల్లో ఒంటరిగా కొండెక్కాలని కొన్న, గుడారంలో పరుచుకునే మ్యాట్‌ని పెరటి మంచు మీద వేసి, గంటగా దాని మీదే పడుకుంది సిన్నొవె. కింద మంచు కరిగితే ఒంటి వేడి దిగిపోతున్నట్టే. ఈ పరీక్షలో తప్పాయనే ఇప్పటికి మూడు మ్యాట్లు షాపుకి తిప్పి పంపాడు వాళ్ళ నాన్న తోర్గైర్.

ఆయన లోపలికీ బయటికీ తిరిగి తిరిగి, చివరికి ఆమెని లేపి, మ్యాట్ ఎత్తి కింద చెయ్యి పెట్టాడు.

"కరిగింది. నాలుగొందల క్రోనర్ల సరుకు ఇంతకన్నా ఏం ఆపుతుంది? కొండ మీద ఒక్కదానివీ బిగుసుకుపోతావ్. వచ్చే ఏడాది ఈస్టర్‌కి వెళ్దువుగానిలే."

ఈసారి సిన్నొవె కూడా తడిమి చూసింది. మంచు పొడిగానే ఉంది. ఆయన అప్పుడే షాపు రసీదు కోసం జేబులు వెతుకుతున్నాడు.

వెనక్కి పంపిన ఆ మూడింటి కింద తను చూడనేలేదు.

"ఇలాంటిదే ఇంకోటి కొందాం నాన్నా."

"రెండేసుకుంటావా?"

"రెండోది నీకు."

తోర్గైర్ వంగి మ్యాట్ చుట్టడం మొదలుపెట్టాడు.

"నేను గురక పెడతాను మరి."