మొండి సాక్షి

"ఆ కీలు నీదేనని రేపు కోర్టులో చెప్తావా, చెప్పవా?" అన్న నిలదీశాడు.

"చెప్పను," అంది చెల్లెలు. విప్పి పెట్టుకున్న టేబుల్ ఫ్యాను మీంచి తలెత్తలేదు.

ఇయర్‌ఫోన్ల డబ్బా మూత టక్కున మూసుకునేలా చేసే గోరంత కీలు అది. దాన్ని తమ ఇంజనీరమ్మే కనిపెట్టిందని, పోటీ కంపెనీ కాపీ కొట్టిందని ఆమె కంపెనీ పేటెంటు దావా వేసింది. గెలిస్తే కోట్లొస్తాయన్న పుకారుతో షేరు ఆకాశానికెక్కి కూర్చుంది. ఆమె ఆఫీసుకి నవ్వుతూ వెళ్లిందని కొనేవాళ్లు, ముఖం ముడుచుకుని వచ్చిందని అమ్మేవాళ్లు తయారయ్యారు. అన్న అయితే ఇల్లు తాకట్టు పెట్టి మరీ కొన్నాడు.

"పేటెంటు మీద సంతకం నీదే కదా?"

"నాదే. పోటీవాళ్ల డబ్బా విప్పి చూశాకే నేను బొమ్మ గీశాను. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. అప్పుడు నోరు పెగల్లేదు. ఇప్పుడు పెగిలింది."

"ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ."

"నా ఇల్లు పోతుందే. పిల్లల్ని వేసుకుని మీ వదిన ఎక్కడికెళ్తుంది?"

ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. వదినంటే ఆమెకు ప్రాణం.

"ఇక్కడికే రండి. ఈ రెండు గదుల్లోనే సర్దుకుందాం. ఉన్నదే అందరం తిందాం. అబద్ధం మాత్రం నా నోట రాదు."

"తోడబుట్టినవాడికంటే కీలెక్కువైందా నీకు?"

"కీలు సంగతి కాదన్నయ్యా. నా నోరు నాది."

అన్న కళ్లు తుడుచుకున్నాడు. "నా చెల్లెలు కదా అని వచ్చాను చూడు, నాదీ బుద్ధి తక్కువ," అంటూ తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే ఫ్యాను బిగించింది. మనసు మాత్రం మార్చుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం బోనులో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. సొంత కంపెనీ లాయరు ముఖం మాడిపోయింది. "బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి," అన్నాడు కళ్లెర్రజేసి.

"గుర్తుంది కాబట్టే చెప్తున్నాను," అంది ఆమె.

వెనక బెంచీల్లోని పెట్టుబడిదారులు ఫోన్లు పట్టుకుని, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ బయటికి పరిగెత్తారు. గంట తిరక్కముందే షేరు సగానికి పడింది.

కోర్టు మెట్ల మీద అన్న నిలబడి ఉన్నాడు. ఆమె తల దించలేదు. తిన్నగా అతని ముందుకే వెళ్లింది.

"తిట్టు, పడతాను. కొట్టినా పడతాను. మళ్లీ అడిగితే మాత్రం మళ్లీ ఇదే చెప్తాను."

"తిట్టడమెందుకే పిచ్చిదానా?" అన్న ఆమె చేతిలో సంచీ అందుకున్నాడు. "నా కన్నీళ్లకి కూడా నువ్వు లొంగవని నిన్న రూఢి చేసుకున్నాకే, పొద్దున మార్కెట్ తెరవగానే మీ కంపెనీవన్నీ అమ్మేసి పోటీ కంపెనీవి కొన్నాను."