గునపం వస్తాడట!

"వస్తాడట!" తమ్ముడు ఫోన్‌ను బల్ల మీద గిరాటేశాడు. "దమ్ముంటే షెడ్డుకు రమ్మన్నాను. వస్తానన్నాడు. రానీ, వాడి సంగతి తేలుస్తా."

అక్క వెల్డింగ్ ముసుగు పైకెత్తి ఫోన్ అందుకుంది. గునపం దగ్గర్నుంచి వచ్చింది ఒక్క పొట్టి లైను. "ఇక రాతలు చాలు. వస్తాను."

"ఎప్పుడట?"

"ఇంకెప్పుడు? రేపే. పరీక్ష రోజున వచ్చి అడ్డుపడితేగానీ వాడి కళ్ళు చల్లబడవు."

షెడ్డు మధ్యలో బండి నిలబడి ఉంది. గుట్టలెక్కాలి, ఇసుకలో పరుగెత్తాలి, మళ్ళీ నంబరు ప్లేటు తగిలించుకుని ఊళ్ళో సిగ్నల్ దగ్గర బుద్ధిగా ఆగాలి. అలాంటి బండి కావాలని నెట్‌లో వేలమంది పోగయ్యారు. ఎవరైనా బొమ్మ గీసి పెట్టొచ్చు. ఎవరైనా తప్పు పట్టొచ్చు. దేనికి ఎక్కువ ఓట్లు పడితే దాని ప్రకారం అక్క ఇనుము కోస్తుంది. అన్నిటికంటే ఎక్కువ ఓట్లు తమ్ముడి బొమ్మకు పడ్డాయి. ఆ రోజు మొదలు వాడి కాళ్ళు నేల మీద నిలవలేదు.

అప్పుడే దాపురించాడు గునపం. ఆ పేరు వాడు పెట్టుకున్నదే. అసలు పేరు లేదు, ఫొటో లేదు.

"అంత ఎత్తున కూర్చుంటే ముందు నిలబడ్డ పసిపిల్ల కనిపిస్తుందా?" అన్నాడు మొదటిరోజే. నిజమేనంటూ జనం ఓట్లేశారు. తమ్ముడు ముచ్చటపడి గీసుకున్న బండి ముక్కు కోసి పొట్టి చేయాల్సి వచ్చింది.

"ఎక్కడానికి మెట్టేది? మోకాళ్ళు అందరికీ నీలాగే ఉంటాయా?" అన్నాడు తరవాత. మెట్టు పెట్టారు.

"నువ్వు అసలు బండెక్కిన మొహమేనా?" అని తమ్ముడు రాశాడు.

"ఎక్కించే దిక్కుంటే కదా," అని జవాబొచ్చింది.

మధ్యలో కొన్నాళ్ళు గునపం నోరు మూతపడింది. పీడ విరగడైందని తమ్ముడు షెడ్డులో అందరికీ మిఠాయి పంచాడు. అది అరిగేలోపే మళ్ళీ తయారు. ఈసారి పక్కసీటు మీద పడ్డాడు. అది పూర్తిగా వెనక్కి వాలాలట. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్ళాల్సి రావచ్చట.

"ఇది కారా, పడకగదా? దుప్పటీ దిండూ కూడా పంపించమంటావా?"

"పంపించు. గతుకుల్లో తల కొట్టుకోకుండా ఉంటుంది."

ఓట్లు మళ్ళీ గునపానికే. అక్క సీటంతా ఊడదీసి కొత్తగా బిగించింది. తమ్ముడు ఆ రోజు అన్నం తినలేదు.

"వాడు చెప్పిందాంట్లో ఒక్కటైనా తప్పుందిరా?" అంది అక్క.

"నువ్వు వాడి పార్టీయా?"

"నేను ఇనుము పార్టీ. నోరు మూసుకుని ఆ స్పానరు ఇలా ఇయ్యి."

ఇప్పుడు భయమంతా పరీక్ష గురించే. అందరూ కలిసి చేసిన బండి కనుక, అధికారి ముందు అందరికీ మాట్లాడే హక్కుంది. ఒక్కడు లేచి నిలబడి అభ్యంతరం చెప్పినా రోడ్డు పర్మిట్ ఆగిపోతుంది. పర్మిట్ లేకపోతే అది బండి కాదు, షెడ్డులో బొమ్మ. అక్కాతమ్ముళ్ళు ఇన్నాళ్ళూ పడ్డ చాకిరీ బూడిదలో పోసినట్టే.

తెల్లవారగానే తమ్ముడు గేటు దగ్గర వాచ్‌మన్‌ని పట్టుకున్నాడు. "గునపం అని ఎవడైనా చెప్తే కాలు లోపల పెట్టనివ్వకు. ముసలాడైనా సరే, కుంటివాడైనా సరే."

అధికారి వచ్చాడు. లైట్ల ఎత్తు కొలిచాడు. హారన్ నొక్కాడు. వాలులో బ్రేకు వేసి చూశాడు. తమ్ముడి కళ్ళు బండి మీద లేవు, గేటు మీదే ఉన్నాయి.

"ఈ పక్కసీటు ఇలా వాలడం బాగుందయ్యా. ఎవరి ఆలోచన?" అన్నాడు అధికారి.

తమ్ముడు దిక్కులు చూశాడు. "జనానిదండీ," అన్నాడు చివరికి.

అక్క వాడి వైపు ఓ చూపు చూసింది. వాడు తల తిప్పుకున్నాడు.

"అభ్యంతరం ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

తమ్ముడి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఎవరూ లేవలేదు. అధికారి ముద్ర వేశాడు. చప్పట్లు మోగాయి. అక్క కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే గేటు దగ్గర గొడవ. వాచ్‌మన్ చేతులు అడ్డం పెట్టి ఎవరినో ఆపుతున్నాడు. తమ్ముడు ఒక్క పరుగున వెళ్ళాడు.

నడివయసావిడ. జుట్టు చెదిరి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వేనా గునపం?"

"నేను కాదు బాబూ. మా అత్తగారు."

తమ్ముడికి కోపం పొంగుకొచ్చింది. "అత్తగారా! ఇన్నాళ్ళూ నన్ను కాల్చుకు తిన్నది ఓ ముసలావిడా?"

"మీ ఒక్కరినేనా? ఇంట్లో నన్నూ అంతే," అంది ఆవిడ. "బండి పాసైందో లేదో కనుక్కోమన్నారు."

"అయింది! ఆవిడ ఎన్ని పుల్లలు పెట్టినా అయింది. వెళ్ళి చెప్పు. అయినా తనెందుకు రాలేదు? వస్తానని బెదిరించింది కదా. భయపడిందా?"

ఆవిడ అతని భుజం మీదుగా బండి వైపు కాసేపు చూసింది.

"మా అత్తగారు ఏ గడప దాటినా జన్మలో 'వెళ్తాను' అని ఎరగరు బాబూ, నిన్న ఆస్పత్రి మంచం మీద కన్నుమూసే ముందు నా చేత మీకు రాయించినప్పుడు కూడా 'వస్తాను' అనే అన్నారు."